నీ పేరు చెక్కిన గిన్నె

యాదమ్మా, మన సరితకు కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది, సంతోషం పట్టలేక నీకే రాస్తున్నాను.

తెలంగాణ రాస్తారోకోతో బస్సులు ఆగిపోతే, ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే పోయి ఇంటర్వ్యూ ఇచ్చింది. పోయినసారి తప్పిన ప్రశ్నే మళ్లీ అడిగారట: కంప్యూటర్ మెమరీలో స్టాక్‌కూ హీప్‌కూ తేడా ఏమిటని.

"ఏం చెప్పినవ్ బిడ్డా?" అన్నాను.

"అమ్మ వంటిల్లు చెప్పిన నాయనా. స్టాక్ అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన పళ్లాలు. ఆఖరుకు పెట్టిందే ముందు తీస్తం. పని కాంగనే ఆ జాగ దానంతటదే ఖాళీ అయితది. హీప్ అంటే అమ్మ పేరు చెక్కించి ఇరుగుపొరుగుకు ఇచ్చిన గిన్నెలు. ఏది ఎవరింట్ల ఉందో యాది పెట్టుకొని మనమే తెచ్చుకోవాలె. మరిస్తే ఆడనే ఉండిపోతది."

ఈ మాట విని పక్కింటి గుంటూరు అమ్మగారు నాలుక కరుచుకుంది. "యాదమ్మగారి గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయిందండీ" అంటూ నిండా పరమాన్నం వండి తెచ్చింది. తిని, కడిగి, నీ పేరు కనబడేటట్టు పెట్టాను.

ఇక్కడ మీ చెల్లెకు, మా అక్కకు, చిన్న బావకు నేను చెప్తాను. అక్కడ మా అమ్మకు, మీ నాయనకు నువ్వు చెప్పు.