లాస్య మంచానికి వల ముక్క

బోగోలులోని లాస్య తాతగారికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నీ మనవరాలి ఊచల మంచానికి ఆదివారం నుంచి ముందువైపు ఊచలు రద్దయ్యాయి. రెండేళ్లు నిండాయని అల్లుడు సుధాకర్ బోల్టులు ఊడదీసి, దాన్ని పెద్దపిల్ల మంచం చేశాడు. అందరం క్షేమం. ఫోనులో చెబితే సగంలో పెట్టేస్తావు, అందుకే కార్డు.

నిన్న మధ్యాహ్నం పిల్లను నిద్రపుచ్చి బియ్యం కడగబోయాను. వచ్చి చూస్తే మంచం ఖాళీ, తలుపు బార్లా తీసి ఉంది. బయటంతా లారీలు తిరిగే రోడ్డు. తడి చేతులతోనే బయటికి ఉరికాను. చూస్తే మన లాస్య దొరసాని వాకిట్లో నిమ్మకాయల గోతాం ఎక్కి కాయ నాకుతోంది. అప్పటినుంచి అది పడుకుంటే నేను మంచానికి అడ్డంగా నేల మీద కూర్చుంటున్నాను.

ముందువైపు వల కడదామంటే సుధాకర్ నవ్వాడు.

"అత్తా, పిల్లేమన్నా చేపా, వలేసేదానికి?"

"చేపయితే నాకేం భయం నాయనా, రోడ్డెక్కదు గదా" అన్నాను.

నీ పాత వలలో మంచం పొడవు ముక్క కోసి తీసుకురా. సీసం గుండ్లు తీసెయ్, నోట్లో పెట్టుకుంటుంది. ఎవరిచేతా పంపొద్దు, నీ చేతి ముడి అయితేనే నాకు నమ్మకం. అల్లుడింట్లో ఉండడం నామోషీ అనకు. పిల్ల రోజూ "తాత ఏడీ" అని ఏడుస్తోంది. ఎండుచేపలు పిల్లికి అప్పగించావా? కోళ్లను సాయంత్రం మూస్తున్నావా? మన అమ్మాయి ఉష నిన్ను అడిగానని రాయమంది. ఒళ్లు జాగ్రత్త.

గురవమ్మ

పిల్ల ఏడుస్తోందన్నది నేను అల్లింది. దానికి నిమ్మకాయ దొరికితే చాలు. నువ్వు కావలసింది నాకు.