అలమర తలుపు జోలికి వెళ్ళొద్దు

ఏవండీ, రంగులేసే ఆయన పదింటికి వస్తాడు. పాలు కాచి మూత పెట్టాను. గోడలన్నీ వేయించండి. వంటింటి అలమర తలుపు లోపలివైపు మాత్రం బ్రష్ తగలనివ్వకండి.

అమ్మాయి ఎత్తు గీతలు, పక్కనే అప్పుడు తనన్న మాటలు అక్కడున్నాయి. "మంచివి పుస్తకంలోకి ఎక్కించు, ఆ ఒక్కటీ చెరిపెయ్" అన్నారు మీరు. చెరపను. "దేవుడు నిజంగా వింటాడా, నాన్నలా ఊరికే ఊఁ కొడతాడా?" అని ఐదేళ్ళప్పుడు అడిగింది. రోజూ దణ్ణం పెట్టుకునే నాకూ అప్పుడప్పుడూ ఆ సందేహం వస్తుంది. అడిగినందుకు దేవుడికి రాని కోపం మీకెందుకు?

మరిచాను. పొద్దున కొలిస్తే వేలెడు పెరిగింది. కొత్త గీత పక్కన ఖాళీ ఉంచాను, పెన్సిల్ అలమరలోనే ఉంది. సాయంత్రం అమ్మాయి చెప్పేది ఊఁ కొట్టకుండా విని, మీరే రాయండి.