అమ్మ కొత్త ఫోటో

నాన్నా, ఈ చీటీ కిటికీ దగ్గర నిలబడి చదువు. అక్షరాలు పెద్దవిగానే రాశాను. భోజనం మూతపెట్టి ఉంచాను. ఈరోజు కత్తెర పట్టుకోకు, చీకటి పడ్డాక బండి అసలే తీయకు. బడి అవగానే వచ్చి నిన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. "అంత తొందరేమొచ్చిందే పంతులమ్మా?" అంటావు. వచ్చింది.

ఎదురొచ్చే బండి దీపం కళ్ళలోకి చిమ్ముతోందన్నావు. కొత్త కళ్ళజోడును పనికిరాదని తిట్టావు. నా తెల్లచీర పచ్చబడిందన్నావు. ఇంత పేరున్న దర్జీవి, నల్ల చొక్కాకి నీలం దారంతో గుండీలు కుట్టావు. అంతా అమ్మ పోయిన దిగులే అనుకున్నాను. అమ్మ ఫోటో వెలిసిపోయిందంటే నిన్న కొత్తది వేయించి తెచ్చాను. దాన్నీ పైపంచెతో తుడిచి తుడిచి, "ఇదీ మసకేనమ్మా" అన్నావు. అప్పుడు అనుమానమొచ్చి కళ్ళ డాక్టరుని ఫోన్లో అడిగాను. కంట్లో శుక్లం మొదలైతే ఇలాగే ఉంటుందట. నయమయ్యేదే, భయపడకు.

మరిచాను, ఆ ఫోటోని ఇంక తుడవకు. అందులో ఏ మసకా లేదు నాన్నా. అమ్మ చక్కగా నవ్వుతూనే ఉంది.