కుంటి బాణీ

మిల్లు కాలనీ, ఉత్తర కెరొలైనా
ఆగస్టు 1928

ప్రియమైన నాన్నకి,

మగ్గాల మోత ఇంకా చెవుల్లో ఉండగానే ఇది రాస్తున్నాను. కాలు ఒకచోట నిలవడం లేదు.

రికార్డుల కంపెనీ మనిషి, క్రెన్షా అట, ఇక్కడ టోపీల కొట్టు మేడమీద యంత్రం పెట్టుకుని కూర్చున్నాడు. నువ్వు చేసిచ్చిన ఫిడేలు పట్టుకెళ్ళాను. చేతిలోకి తీసుకుని ఊపి చూసి, "లోపలేదో ఊడిందమ్మా" అన్నాడు. "ఊడలేదండీ, గిలకపాము తోక. నాదం బాగుంటుందని మా నాన్నే వేశాడు" అన్నాను. అప్పట్నుంచి కాస్త దూరంగానే నిలబడుతున్నాడు.

నీ బాణీ వాయించాను. మెచ్చుకున్నాడు. అంతలోనే, "రెండో భాగంలో తాళానికి ఒక దెబ్బ ఎక్కువుంది. పాట కుంటుతోంది. అది తీసేస్తే రికార్డు వేస్తా" అన్నాడు.

రికార్డు అమ్ముడుపోతే ఈ దూది దుమ్ము మింగే బాధ తప్పుతుంది. తీసేద్దామనే నిర్ణయించుకున్నాను నాన్నా. ఒక్క దెబ్బేగా. అయినా ఎవరి మీదో తెలియని కోపంగా ఉంది. అసలది ఎందుకు పెట్టావు? శుక్రవారం లోగా రాయి.

నీ ఓర్లీనా

*

అమ్మడూ,

క్రెన్షా చెవి మంచిదే. కుంటింది మీ అమ్మ.

డాన్సు పాపమనే చర్చిలో చేరాక తను ఆ మాటే ఎత్తలేదు, అందుకే నీకు తెలియదు. పెళ్ళికి ముందు శనివారం డాన్సులకి వచ్చి గోడవార కూర్చునేది. ఎవరూ జతకి పిలిచేవారు కాదు. ఆ కాలితో తను చుట్టు తిరిగేలోపు పాట దాటిపోయేది. ఒకసారి తను లేచి ఆడుతుంటే, వాయిస్తున్న నేను కమాను ఒక దెబ్బసేపు పట్టి ఉంచాను. తిరిగింది. మిగతావాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుని, "ఏరా హార్డిన్, తాగొచ్చావా?" అని తిట్టారు. పోనుపోను మన కొండంతా అలాగే ఆడింది.

తను పోయినా నా చెయ్యి అక్కడ ఆగుతూనే ఉంది. నీకు మిల్లు మానడం ముఖ్యం. తీసేసినా నేనేమీ అనుకోను.

మీ నాన్న

*

నాన్నా,

తీసేద్దామనే మెట్లెక్కాను. ఆ చోటు రాగానే చెయ్యి ఆగింది. క్రెన్షా యంత్రం ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఆగింది. "ఏమిటమ్మా ఇది?" అన్నాడు. "మా అమ్మ తిరుగుతోందండీ, ఉండండి" అన్నాను. పాము తోకకన్నా దీనికే ఎక్కువ భయపడ్డాడు పాపం.

రికార్డు లేదు. దారంతా ఏడ్చాను. సోమవారం మళ్ళీ మగ్గమే.

వచ్చే శనివారం కొండకి వస్తున్నాను. నువ్వు వాయించు. ఆ దెబ్బ దగ్గర ఆగు. నేను తిరుగుతాను.

నీ ఓర్లీనా