బాలికల హాస్టల్లో దస్తగిరికి సీటు

కోస్గి, 3 ఫిబ్రవరి 1996

క్రీడా కొలతల కార్యాలయం అధికారి రామచంద్రయ్య గారికి, పదో తరగతి ఖాతూన్ సలాములు.

ఈరోజు పెద్ద ఆశ్చర్యం: మీరు పంపిన బెల్టు. సబ్బుపెట్టెంత డబ్బా నడుముకు కట్టుకుని దూకితే, ఎంత బలంగా ఎగిరామో అదే రాసుకుంటుందట! హైజంప్ చేశాను. జిల్లాకు ఉన్న ఒక్క బాలికల క్రీడా హాస్టల్ సీటు నాకు రాకపోతే పదో తరగతితో చదువూ ఆటా ముగిసినట్టే.

మీ ఎగిరే విద్యార్థిని,
ఖాతూన్

తా.క. బెల్టును హైదరాబాద్ బస్సు డ్రైవర్ దస్తగిరి చాచాతో పంపుతున్నాను. "సీటు కింద పెడితే ఎవడన్న ఎత్తుకపోతడు బేటీ, నా నడుముకే కట్టుకుంట" అన్నాడు. బెల్టు రాసుకుంటున్నంతసేపూ వెలిగే ఎర్ర దీపాన్ని ఆర్పే మీట ఎక్కడుందో మాకు దొరకలేదు.

హైదరాబాద్, 7 ఫిబ్రవరి

చిరంజీవి ఖాతూన్‌కు ఆశీస్సులు.

అద్భుతం! మూడు గంటలపాటు ఎగిరావు. అదీ కూర్చున్న భంగిమలో! మధ్యలో పావుగంట కదలలేదు, ధ్యానమా? ఆ తర్వాత నీరసించావు. గుడ్లు తిను. సీటు నీదే.

కొలతలకు కట్టుబడిన,
రామచంద్రయ్య

తా.క. నీ ఉత్తరం చదవలేదు. యంత్రం ఉండగా ఉత్తరాలెందుకు?

కోస్గి, 10 ఫిబ్రవరి

అయ్యా, సలాములు.

సీటు అనగానే గంతేశాను. ఆ గంతు మీ యంత్రంలో లేదు. మీరు చూసిన గంతులు కూడా నావి కావు, దస్తగిరి చాచావి. ఆ ధ్యానం జడ్చర్లలో చాయ్. నీరసం రావడానికి కారణం, అక్కడి నుంచి పెద్ద రోడ్డు, గుంతలుండవు. దయచేసి బెల్టు మళ్ళీ పంపండి.

నిజం చెప్పి వణుకుతున్న,
ఖాతూన్

తా.క. "నేనేడ దుంకిన బేటీ, బస్సు దుంకింది. నేను స్టీరింగ్ పట్టుకోని యేలాడిన" అని చాచా చెప్పమన్నాడు.

హైదరాబాద్, 14 ఫిబ్రవరి

కుమారి ఖాతూన్‌కు,

ఈసారి ఉత్తరం చదివి విచారించాను. మరుగునపడిన ఒక క్రీడాకారుణ్ణి చూసి ఈర్ష్య పడతావా? విదేశీ యంత్రం మనిషిని కొలుస్తుంది, రోడ్డును కాదు. సీటు శ్రీ దస్తగిరికి ఇచ్చాము. పద్దెనిమిదిన బెల్టు, పూలదండ తీసుకుని నేనే వస్తున్నాను.

నిష్పక్షపాతంగా,
రామచంద్రయ్య

తా.క. బాలికల హాస్టల్లో ఆయన వయసు, మీసాల సంగతి పరిశీలనలో ఉంది.

కోస్గి, 17 ఫిబ్రవరి

అయ్యా, సలాములు.

ఈ ఉత్తరం రాత్రికల్లా మీ ఇంటికి చేర్చేది మీరు ఎంపిక చేసిన క్రీడాకారుడే. మీ ఉత్తరం వినిపిస్తే చాచా స్టీరింగ్ మీద తలపెట్టి నవ్వాడు. తర్వాత నా మొఖం చూసి నవ్వాపేశాడు. "పోరి సీటు నాకెందుకు? గా సారును నా బస్సుల ఎనక సీట్ల కూసోవెడ్త. బెల్టు ఆయననే కట్టుకోమను" అన్నాడు.

కట్టుకోండి అయ్యా. యంత్రం అబద్ధం చెప్పదు కదా. కోస్గిలో దిగేసరికి చాచాను కూడా మించిపోతారు. న్యాయంగా ఆ సీటు మీకే రావాలి. బాలికల హాస్టల్ మీకు వద్దనుకుంటే, మీ తర్వాత చాచా, ఆయన తర్వాత నేను ఉన్నాను.

వరుసలో మూడో స్థానంలో,
ఖాతూన్

తా.క. రేపు పొద్దున ఆరింటి బస్సు. ఏమీ తినకుండా ఎక్కండి. మీరు వచ్చేలోపు నేను బడి మైదానంలో ఇసుక తవ్వి, కర్ర కట్టి, కొలత టేపు పట్టుకుని నిలబడతాను. నడవగలిగితే వచ్చి చూడండి.