ఒకే ఇంటిపేరు

అక్కకు,

నమస్కారాలు. అమ్మ బాగానే ఉంది, నువ్వు పంపిన శాలువా కప్పుకుని మరీ టీవీ చూస్తోంది. నేనూ బాగున్నానని రాద్దామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు.

"అసలేం జరిగిందే? మీ బావ చెప్పేది నాకు సగమే అర్థమైంది" అని అడిగావు. మా ఆసుపత్రికి పాత భవనంలో ఒకటి, కొత్త భవనంలో ఒకటి, రెండు క్లస్టర్లు, అంటే రెండు కంప్యూటర్ల గుంపులు. వాటిలో ప్రతి ప్రోగ్రాముకూ ఓ పేరు, దాని గుంపును బట్టి ఓ ఇంటిపేరు. రెండూ చూశాకే రోగుల రికార్డుల దగ్గరికి రానివ్వాలని రూలు రాసింది నేనే. పాత భవనంలో రోగులకు మందులు రాసే ‘మందులచీటీ’ అనే ప్రోగ్రాము అసలుది. కొత్త భవనంలో అదే పేరుతో ఉన్నది నర్సులు ఉత్తుత్తి రోగులతో నేర్చుకునేది. ఇంటిపేర్లు వేరు కాబట్టి గొడవ లేదు.

బావగారు మా కంప్యూటర్ల విభాగానికి పెద్దగా వచ్చి, పని తేలికవుతుందని రెండింటికీ ఒకే ఇంటిపేరు పెట్టమన్నారు. అలా చేస్తే ఏది అసలుదో ఏది ఉత్తుత్తిదో రూలుకు తెలియదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"అంతా మనవాళ్ళేనే పిల్లా! మనవాళ్ళకి మనమే గడియ పెట్టుకుంటామా?" అని నవ్వి, తన చేత్తోనే మార్చేశారు.

ఉత్తుత్తి చీటీలు దర్జాగా అసలు రోగుల రికార్డుల్లోకి వచ్చాయి. ఓ ఉత్తుత్తి రోగి నంబరే ఉన్న ఒక పెద్దాయనకు లేని జబ్బుకు మందు ఎక్కించారు. బతికాడు గానీ కూతుర్ని గుర్తుపట్టడం లేదు. ఆమె వరండాలో నా చెయ్యి పట్టుకుని, "ఎవరు రానిచ్చారమ్మా దాన్ని?" అంది. బావగారు పక్కనే నిలబడి ఫోన్ చూసుకున్నారు. సాయంత్రానికల్లా, రూలు రాసింది నేను కాబట్టి తప్పూ నాదేనని చేతులు దులుపుకున్నారు.

ఇక నీ రెండో మాట. "నువ్వు చిన్నదానివి, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఈసారికి నెత్తినేసుకోవే, మనమూ మనమూ ఒకటి" అని రాశావు. నీ చేతిరాతలో బావగారి గొంతు వినపడింది. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. మనమూ మనమూ ఒకటనే కదే అక్కా, ఆ పెద్దాయన మంచాన పడింది?

ఇంతసేపూ చెప్పలేక నాన్చిన మాట ఇది. నువ్వడిగింది చేద్దామనే విచారణ గదిలోకి వెళ్ళాను. బల్లకు అవతల ఆ కూతురు కూర్చుని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈ ఉత్తరం అందేసరికి బావగారు ఉద్యోగం పోయి, పెట్టె సర్దుకుని నీ దగ్గరికి వచ్చేసి ఉంటారు.

పాప పుట్టినరోజుకు వస్తాను. గుమ్మంలో నిలబడి పేరు చెబుతాను. రానిస్తావో లేదో నీ ఇష్టం. మనవాళ్ళే కదా అని మాత్రం తలుపు తీయకు.

ఇట్లు,
నీ పాత ఇంటిపేరు ఇంకా మోస్తున్న
చెల్లి