గోరంత అడాప్టరు, కొమ్ముల అడాప్టరు

జూన్ 9, సోమవారం

మహారాజశ్రీ కంప్యూటర్ షాపు మావయ్యకి,

మేనకోడలు నమస్కరించి, వెంటనే కోపగించుకుని రాస్తున్నది.

ఈ పొద్దున మొదటి ఆశ్చర్యం: పేపరు కంటే ముందే మీ ఊరి బస్సు డ్రైవరు గారు తలుపు తట్టి నీ పార్సిల్ ఇచ్చారు. రెండో ఆశ్చర్యం దాన్ని విప్పాక. అట్టపెట్టెలో అట్ట, అట్టలో ప్లాస్టిక్కు, ప్లాస్టిక్కులో నా చిటికెన వేలి గోరంత నల్లటి ముక్క. ఇదా వైర్‌లెస్ అడాప్టరు? అమ్మ చూసి, "మా తమ్ముడి చొక్కా గుండీ ఊడి ఇందులో పడ్డట్టుందే, కుట్టి పంపనా?" అంది.

అయినా నీ మొహం చూసి కంప్యూటరుకి గుచ్చాను. ముందు గదిలోని మన నెట్ పెట్టె పేరు తెర మీద కనిపించింది. నేను సంతోషించేలోపు మాయమైంది. మళ్లీ కనిపించింది. మళ్లీ అలిగింది.

శుక్రవారం పదింటికి నిఘంటువుల కోర్సుకి నా ప్రవేశ పరీక్ష. ఇంట్లో కూర్చుని, నెట్‌లోనే రాయాలి. అది తప్పితే నాన్న తన బీరువాల వర్క్‌షాపులో రసీదులు రాయమంటున్నారు. "అవి మాత్రం మాటలు కావా?" అంటున్నారు. 'ఒక బీరువా, రెండు తాళాలు, అద్దం లేదు.' నా సాహిత్య జీవితం ఇంతేనా మావయ్యా?

నీ మీద ఇంకా కొంచెం గౌరవం మిగిలి ఉన్న,
మేనకోడలు

తా.క. ఫోను చెయ్యకు, ఈ ఉత్తరంలాగే జవాబూ డ్రైవరు గారి చేతే పంపు. ఇంటికున్న ఒక్క ఫోనూ వర్క్‌షాపులో నాన్న జేబులో ఉంటుంది. ఆ రేకుల చప్పుడులో నువ్వేం చెప్పినా ఆయన "ఎల్లుండి డెలివరీ ఇచ్చేస్తామండీ" అంటారు.

*

సోమవారం సాయంత్రం

మాటల మూటకి,

మావయ్య ఆశీస్సులు, దాంతోపాటు బోలెడంత జాలి.

లావుగా ఉంటేనే గొప్ప పుస్తకం అనుకునే దానివి, చిన్న వస్తువు గొప్పతనం నీకెలా ఎక్కుతుందిలే. దాన్ని కంప్యూటరు వెనక గుచ్చావు కదూ? నాకు తెలుసు. దాని వీపంతా ఇనుము. ఇనుము అడ్డమైతే సిగ్నల్ రాదమ్మా. ముందు వైపు గుచ్చు. అదీ చేతకాకపోతే రెండు కొమ్ములున్న అడాప్టరు పంపుతున్నాను, ఇది పెట్టు. మధ్యలో ఎన్ని గోడలున్నాయి? నెట్ పెట్టె మీద ఎవరైనా ఏమైనా పెట్టారా? జవాబు రాయి. మా బావని మాత్రం సలహా అడగకు. ఆయనకి రేకు డబ్బాలు తప్ప ఇంకేం తెలీదు.

ఇట్లు,
విసుగు దాచుకున్న మావయ్య

తా.క. కొమ్ములు పైకి నిలబెట్టాలి. ఇది కూడా రాయాల్సి వస్తున్నందుకు సిగ్గుగా ఉంది. కానీ నువ్వు మా బావ కూతురివి.

*

బుధవారం పొద్దున

రెండు కొమ్ముల మావయ్యకి,

ముందు వైపే గుచ్చాను. కొమ్ములు పైకి నిలబెట్టాను, పక్కలకి చాచాను, ఒకటి బతిమాలుతున్నట్టు, ఒకటి బెదిరిస్తున్నట్టు పెట్టి చూశాను. ఒక్క గీత సిగ్నల్ వచ్చింది. నమూనా ప్రశ్నపత్రంలో ప్రశ్న కనిపించింది, జవాబులు రాలేదు. దీనికి కొమ్ములెందుకు, పొడవడానికా?

నీ ప్రశ్నలకి జవాబులు: మధ్యలో గోడ ఒకటే. పెట్టె మీద దుమ్ము కూడా లేదు. దాన్ని బిగించిన రోజు నువ్వు గడప దిగుతూ "బావా, ఖరీదైన వస్తువు, భద్రం" అన్నావు. అప్పట్నించీ నాన్న దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. మీ వైపు వాళ్లు మాటలు చెబుతారు, మా వైపు వాళ్లు పాటిస్తారు.

సగం గౌరవంతో,
మేనకోడలు

తా.క. ఒక కొమ్ముకి అమ్మ కళ్లజోడు తగిలిస్తోంది. ఇక వెతుక్కునే బాధ లేదట. నీ సరుకు వల్ల ఈ ఇంట్లో జరిగిన మొదటి మేలు ఇదే.

ఇంకో తా.క. నీ ఉత్తరం గట్టిగా చదువుకుంటుంటే 'రేకు డబ్బాలు' దగ్గరికొచ్చేసరికి నాన్న గుమ్మంలో ఉన్నారు.

*

బుధవారం సాయంత్రం

కొంపలంటించే కోడలు పిల్లకి,

ఉత్తరాన్ని మనసులో చదువుకోవడం మీ కోర్సులో నేర్పుతారేమో కనుక్కో.

ఇక నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. కంప్యూటరు పొట్ట విప్పి లోపల బిగించే కార్డు, దీనికి మూడు కొమ్ములు. విప్పాల్సింది స్క్రూడ్రైవరుతో, సుత్తితో కాదు. ఈ ముక్క మాత్రం బావకి గట్టిగానే చదివి వినిపించు.

బిగించే ముందు ఒక్క పని చెయ్యి. ఆ నెట్ పెట్టె సరిగ్గా ఎక్కడుందో రాసి పంపు. అది అలిగింది, ఇది పొడిచింది అని కాదు. విశేషణాలు, ఉపమానాలు లేకుండా ఒకే ఒక్క వాక్యం.

ఇట్లు,
ఓపిక అయిపోయిన మావయ్య

తా.క. ఒక్క వాక్యమే. నీకు ప్రాణసంకటమని తెలుసు.

*

గురువారం మధ్యాహ్నం

మావయ్యకి,

నువ్వడిగిన ఒక్క వాక్యం ఇదిగో: 'నెట్ పెట్టె నాన్న చేసిన ఇనప బీరువాలో ఉంది.'

రాసి, అలవాటు కొద్దీ గట్టిగా చదివాను. చదివాక నీ 'ఇనుము అడ్డమైతే సిగ్నల్ రాదమ్మా' గుర్తొచ్చింది. 

ఏం చెయ్యను మావయ్యా, మా ఇంట్లో విలువైనదేదైనా బీరువాలోకే పోతుంది. అమ్మ గాజులు, ఇంటి కాగితాలు, కొత్త దుప్పట్లు, నాకు బడిలో వచ్చిన కప్పు. పుట్టినప్పట్నించీ చూస్తున్నాను కాబట్టి నెట్ పెట్టె అందులో ఉంటే వింతనిపించలేదు. పాపం, గోడకి మేకు కొట్టనివ్వని మనిషి, వైరు కోసం బీరువా వీపుకి స్వయంగా చిల్లు పెట్టారు. నీ కొమ్ములదానికి ఆ ఒక్క గీతా అందులోంచే వచ్చినట్టుంది.

నాన్నని పిలిచి తలుపులు తీయించాను. కొమ్ములది అమ్మ కళ్లజోడు మోస్తోంది కనక గోరంతదాన్నే గుచ్చాను. గీతలన్నీ నిండుగా వచ్చాయి! ప్రశ్నలూ వచ్చాయి, జవాబులూ వచ్చాయి. గుండీకి క్షమాపణ చెప్పుకున్నాను. నీకు చెప్పను.

నాన్న సిగ్గుపడతారనుకున్నావా? రొమ్ము విరుచుకున్నారు. "చూశావా! నా బీరువాలోంచి నా అనుమతి లేకుండా గాలి కూడా కదలదు. మీ మావయ్య వరసగా యంత్రాలు పంపాడే, ఒక్కటైనా నా రేకుని గెలిచిందా?" అన్నారు. ఈ సంగతి వర్క్‌షాపు బోర్డు మీద రాయిస్తారట, వాక్యం నన్నే కూర్చమన్నారు. పెట్టె బయట పెట్టమంటే మాత్రం ససేమిరా అన్నారు. మళ్లీ తాళాలు రెండూ వేసి, తాళంచెవులు మొలలో దోపుకుని పనిలోకి వెళ్లిపోయారు.

పూర్తి గౌరవంతో (అవసరం అలాంటిది),
మేనకోడలు

తా.క. బతిమాలగా బతిమాలగా ఒక షరతు మీద దిగొచ్చారు. 'రేకు డబ్బా' అన్న మాట నువ్వు ఆ బీరువా ముందు నిలబడి వెనక్కి తీసుకుంటేనే తలుపులు తీస్తారట, పరీక్ష అయ్యేదాకా స్టూలేసుకుని కాపలా కూడా కూర్చుంటారట. పరీక్ష పదింటికి. రేపు పొద్దున మొదటి బస్సు ఏడింటికి. డ్రైవరు గారితో చెప్పి నీకు కిటికీ పక్క సీటు ఆపించాను, దారిలో ఆ మాట కాస్త గట్టిగానే ప్రాక్టీసు చేసుకుంటూ రా.